పెద్దల్లుడి సైజు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడెవరైనా ఏదైనా అడిగితే "చూసి చెప్తా" అంటాను గానీ, పంతొమ్మిదేళ్ల వయసులో చూడకుండానే చెప్పేసేదాన్ని. అందుకు కారణం మూసీ అవతలి ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీ. ఇంటర్‌తో నా చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. లోకంలో ఉన్న జ్ఞానమంతా వరుసగా సంపాదించాలని విషయాల పట్టిక ముందేసుకుని 'అ' నుంచి మొదలుపెట్టి, రెండేళ్లలో 'చ' దాకా వచ్చాను. కాబట్టి అగ్నిపర్వతాలు, ఆయుర్వేదం, కందిరీగలు, చిత్రకళ, ఈ నాలుగింటిలో నన్ను మించినవాళ్లు పురానాపూల్ చుట్టుపక్కల లేరని నా గట్టి నమ్మకం. ('జ' నుంచి అవతలి సంగతులు నన్ను అడగకూడదు, అంతే.) చిత్రకళ పుస్తకంలో వెనక సగం ఎవరో పుణ్యాత్ములు చింపుకుపోయారు. మిగిలిన ఆఖరి పేజీలో ఆఖరి మాటలు ఇవి: పాత దర్బారు చిత్రాల్లో ముఖ్యమైనవాణ్ణి పెద్దగా, మిగతావాళ్లను చిన్నగా గీస్తారు, అయితే. అంతే. ఆ 'అయితే' దగ్గర పుస్తకం ఆగిపోయింది. ఒక్క 'అయితే'తో మునిగేదేముందిలే అనుకుని నేను 'ఛ'లోకి వెళ్లిపోయాను.

అప్పటికి పురానాపూల్ దగ్గర ఒక సందులో ఫోటో స్టూడియోలో చేరి ఆరు నెలలయింది. ఓనరును అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, నన్ను ఆయన లైబ్రరీ అనేవాడు. మా అమ్మ గల్లీలో ఎవరడిగినా "మా పిల్ల కంప్యూటర్ మీద పనిచేస్తది" అని చెప్పుకునేది. నిజానికి కంప్యూటర్ మీద నేను చేసే పని దుమ్ము తుడవడం, తుడుస్తూ ఉస్తాద్ పని ఓరకంట చూసి నేర్చుకోవడం. మిగతా రోజంతా కత్తెర పట్టుకుని పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కత్తిరించడమే. పెళ్లి ఆల్బములు ఉస్తాదే స్వయంగా చేసేవాడు. ధూల్‌పేట్ పెళ్లికూతురిని మంచుకొండల మీద చెప్పులు లేకుండా నిలబెట్టేవాడు, పెళ్లికొడుకును గులాబీ పువ్వులోంచి పుట్టించేవాడు, ఇద్దరి మధ్యా రెండు హంసలను ఈదించేవాడు. ఆ హంసలను చూసినప్పుడల్లా నా చిత్రకళా హృదయం (అంటే పుస్తకంలో మిగిలిన ముందు సగం) విలవిలలాడేది.

ఒక సోమవారం ధూల్‌పేట్ నుంచి ఒక పెద్దమనిషి బిస్కెట్ డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన కంటే ఆయన మీసం ఒక అడుగు ముందు వచ్చింది. గణపతులు చేసే ఇంటికి పెద్దల్లుడు. డబ్బా మూత తీసి కౌంటర్ మీద కుమ్మరించాడు: నలభై దాకా ఫోటోలు, వెంట్రుకలు అరిగిపోయిన కుంచె, పాత పెళ్లి పత్రిక, రంగులు సరిచూసుకోవడానికి చుక్కలు పెట్టిన బస్ టికెట్లు.

"మా అత్తమ్మయి. యాభై ఏండ్ల సంది గణపతులకు కండ్లు దిద్దుతున్నది. మా కార్ఖానాల ఆమె చెయ్యి పడంది ఒక్క మూర్తి గడప దాటలే. ఇప్పుడు చెయ్యి వణుకుతుందని బ్రష్ కిందవెడ్తనంటున్నది. ఫోన్‌ల చూసిన ఉస్తాద్, డిజిటల్ స్క్రాప్‌బుక్ అంటరంట. టికెట్లు, చిట్టీలు, ఫోటోలు అన్ని ఒక్క కాడ అతికిచ్చినట్టుంటది. గట్ల గావాలె. ఐతారం నాడు టీవీల వెయ్యాలె, తర్వాత బుక్కు గూడ కొట్టియ్యాలె."

ఉస్తాద్‌కు ఆ వారంలో మూడు పెళ్లిళ్లు. ఆయన డబ్బా వైపు చూశాడు, క్యాలెండర్ వైపు చూశాడు, తర్వాత చాలా అయిష్టంగా నా వైపు చూశాడు.

"అరే లైబ్రరీ, తూ కర్తీ?"

"చేస్త ఉస్తాద్!" అన్నాను, ప్రశ్న పూర్తికాకముందే.

"చూడు బేటీ. ఇది పాసైతే ఆ కంప్యూటర్ కుర్చీ నీది, పక్కా. ఫెయిలైతే జిందగీ పూరా కత్తెరే. మళ్ల నన్ను అడగొద్దు."

ఆ మధ్యాహ్నమే ఫోటోలు పరిచి చూశాను. అన్నిటిలోనూ మధ్యలో గణపతి, పక్కన ఇంటివాళ్లు, కొసన అవ్వ, అంటే పెద్దల్లుడి అత్తమ్మ. కొసన అంటే మనిషి కాదు, ఒక దాంట్లో మోచెయ్యి, ఒక దాంట్లో కొంగు, ఇంకో దాంట్లో కుంచె పట్టిన మూడు వేళ్లు. యాభై ఏళ్లు పనిచేసిన మనిషి నిండుగా కనబడింది ఒకే ఒక్క ఫోటోలో. స్టూల్ మీద కూర్చుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, గణపతి కన్ను దిద్దుతోంది. మోచేతులతో పుస్తకం ఎట్లా నింపేది? హంసలను అరువు తెచ్చుకోవడం నా వంశానికే అప్రతిష్ఠ అనుకుని, మర్నాడు పొద్దున్నే నోటుబుక్కు, రెండు పెన్సిళ్లు పట్టుకుని మ్యూజియానికి పోయాను.

మా మ్యూజియానికి వచ్చిన జనమంతా ముందు గంటలు కొట్టే గడియారం దగ్గరికి ఉరుకుతారు. గంట కొట్టే వేళకు గదులన్నీ ఖాళీ అయిపోతాయి. ఆ ఖాళీ గదిలో చిన్న చిన్న దర్బారు చిత్రాల ముందు నేనొక్కదాన్నే నిలబడి ఉంటే కాపలా ఆయన జాలిపడ్డాడు.

"గడియారం అటు దిక్కు బేటా. తప్పిపోయినవా?"

"లేదంకుల్, నేను వీటి కోసమే వచ్చిన."

"పరీక్ష ఉందా?"

"ఆల్బమ్ ఉంది."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు, నాకు మాత్రం ఆ గంటలో సమస్తం అర్థమైపోయింది! బొమ్మ చుట్టూ ఎంత అంచు! పువ్వులు, తీగలు, బంగారు చుక్కలు, బొమ్మ కంటే అంచే ఎక్కువ. అంటే ఫోటోలు తక్కువైనా ఫికర్ లేదు, బస్ టికెట్ల మీది రంగుచుక్కలే అంచుకు పువ్వులవుతాయి! మోచేతులను వరుసగా పేరిస్తే తీగ అవుతుంది! మేఘాలు జిలేబీల్లాగా చుట్టుకుని ఉన్నాయి. ఒక్క మనిషి కూడా మన వైపు చూడడు, అందరూ పక్కకు తిరిగి రాజునే చూస్తుంటారు. ఇక రాజు సంగతి చెప్పాలా? పుస్తకంలో ఉన్నట్టే, తాటిచెట్టంత. పక్కన పాన్‌దాన్, అదే తాంబూలం పెట్టె, పట్టుకున్న నౌకరు ఆయన మోకాలి దాకా లేడు. ఆనందం పట్టలేక కాపలా ఆయనకు ఆ సూత్రం మొత్తం విడమరిచి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని నిట్టూర్చాడు.

"నేను ఈ గదిల డ్యూటీకి వచ్చిన్నాటి సంది చూస్తున్న బేటా. పాపం ఆ చిన్నోడు నిలవడే ఉన్నడు. రాజు ఒక్కనాడు కూసోమన్లేదు." (ఆయనకు కూడా ఆ గదిలో కుర్చీ లేదని నేను గమనించింది బయటికి వచ్చాక.)

నాలుగు రోజులు నేను నేల మీద నడవలేదు. టికెట్ల చుక్కలు అంచులయ్యాయి, పెళ్లి పత్రిక మీది ఎర్ర అక్షరాలు తోరణాలయ్యాయి, కుంచెను పడుకోబెట్టి పడవ చేశాను, ఆ పడవ మోచేతుల అలల మీద సాగింది. ఇక ఆఖరి పేజీ నా కళాఖండం. అవ్వ ఉన్న ఆ ఒక్క ఫోటోను పేజీ నిండా పరిచాను. ఆమె వెనక చార్మినార్‌ను చక్కెర డబ్బా అంత చేసి పెట్టాను. పైన జిలేబీ మేఘాలు. పరివారం లేకుండా దర్బారు ఎట్లా? ఆ ఫోటోలోనే వెనక వరుసగా నిలబడ్డ కొడుకును, బిడ్డలను కత్తిరించి అరచెయ్యంత చేసి రెండు పక్కలా నిలబెట్టాను. వాళ్లంతా కెమెరా వైపే చూస్తున్నారు, నా సూత్రానికి లొంగలేదు. ఒక్క పెద్దల్లుడు మాత్రం, చేతిలో లడ్డు పళ్లెంతో, అవ్వ వైపు తిరిగి ఉన్నాడు. అచ్చం పాన్‌దాన్ నౌకరు! ఎగిరి గంతేసి ఆయనను బొటనవేలంత చేసి, పళ్లెంతో సహా సరిగ్గా అవ్వ పాదం పక్కన నిలబెట్టాను.

మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. ధూల్‌పేట్‌లో పుట్టిన పసిపిల్లకు కూడా తడుతుంది. నేను మాత్రం 'ఎ' దాటి వచ్చినదాన్ని, 'గ' దాటి వచ్చినదాన్ని. ఎలుకా తట్టలేదు, గణపతీ తట్టలేదు. పెళ్లి పందిట్లో ఉన్న ఉస్తాద్ ఫోనుకు పంపాను. ఆ చిన్న తెరలో పెద్దల్లుడు నువ్వుగింజంత కూడా కనబడడు. "కలర్ మస్తుంది" అని జవాబొచ్చింది.

ఆదివారం పొద్దున కార్ఖానాలో చాపలు పరిచారు. చుట్టూ ఇంకా రంగెక్కని తెల్లటి గణపతులు, వాళ్లకు కళ్లు లేవు కాబట్టి చూసే భాగ్యం మాకే. పది అడుగుల గణపతి బొజ్జకు టీవీ ఆనించారు. అవ్వను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. మోచేతుల అలలు చూసి అందరూ "అబ్బా" అన్నారు. బస్ టికెట్ల పూలు చూసి అవ్వ "గీ పచ్చ రంగు నేను కలిపిందే" అంది. ఉస్తాద్ నా వైపు చూసి తలాడించాడు. నేను మనసులో కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్నాను. అప్పుడు ఆఖరి పేజీ వచ్చింది.

ముందు అవ్వ చిన్న బిడ్డ, అంటే పెద్దల్లుడికి స్వయానా మరదలు, కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"బావా! నువ్వు ఎలుకవైనవే!"

కార్ఖానా మొత్తం పగలబడి నవ్వింది. "లడ్డు గూడ వట్టిండు!" "తోక ఏది బావా, తోక?" పెద్దల్లుడు టీవీని చూశాడు, వెనకనున్న గణపతి పాదాల దగ్గర మట్టి ఎలుకను చూశాడు, మళ్లీ టీవీని చూశాడు. మీసం అదిరింది. నేను పరువు కాపాడదామని లేచాను.

"ఎలుక కాదండీ! బుక్కుల ఉంది. రాజును పెద్దగ గీస్తరు, పక్కన నౌకరును చిన్నగ గీస్తరు..."

"నౌకరా?" అన్నాడాయన. "ఆర్డరిచ్చింది నేను. డబ్బా మోసింది నేను. నేను నౌకర్నా? ఉస్తాద్, గీ బుక్కు నాకొద్దు. ఇంకో స్టూడియో చూస్కుంట."

చెప్పులు తొడుక్కుని బయటికి పోయి స్కూటర్ ఎక్కాడు. అలిగిన అల్లుడికి ఒక పద్ధతి ఉంటుంది. పోతానంటాడు, బండెక్కుతాడు, స్టార్ట్ మాత్రం చేయడు. ఎవరైనా వచ్చి బతిమాలే దాకా అద్దంలో మీసం చూసుకుంటూ కూర్చుంటాడు. భార్య పోయి బతిమాలింది, బామ్మర్ది పోయి బతిమాలాడు, కదల్లేదు. ఉస్తాద్ నా వైపు చూసి రెండు వేళ్లతో గాలిలో కత్తెర ఆడించాడు, అంతే. కళ్లు తుడుచుకుని టీవీ ఆపబోయాను.

"లొల్లి బంద్ చెయ్యుండ్రి" అంది అవ్వ. "బిడ్డా, ఆ పటం తియ్యకు, గట్లనే ఉంచు. అల్లుడా! ఆ అద్దంల ఏమున్నది, నీ మీసమే గదా. లోపటికొచ్చి గిది చూడు."

అత్తగారు పిలిచాక రాకపోతే అలక కాదు, అమర్యాద. ఆయన గుమ్మం దాకా వచ్చి ముఖం పక్కకు పెట్టి నిలబడ్డాడు.

"యాభై ఏండ్ల సంది కండ్లు దిద్దుతున్న" అంది అవ్వ. "గణపతివి అల్కగ దిద్దొచ్చు. ఆయన మందిని చూస్తడు, ఎటు చూసినా దేవుడే. కష్టమంత ఎలుకతోనే. దాని చూపు గణపతి మీదనే ఉండాలె. జర పక్కకు జరిగిందనుకో, లడ్డు దొంగ లెక్క కనవడ్తది. గిప్పుడు పటం చూడు. నా కొడుకు కెమెరా దిక్కు. నా బిడ్డలు కెమెరా దిక్కు. నా దిక్కు చూస్తున్నోడు ఎవడు?"

పెద్దల్లుడు మెల్లగా టీవీ దగ్గరికి వచ్చి, వంగి, బొటనవేలంత తనను తాను చూసుకున్నాడు.

"ఆ దినం పొద్దుగాల్ల సంది నువ్వేం తినలే అత్తమ్మా" అన్నాడు. "కన్ను అయినంక తింటనన్నవ్. గందుకే పట్టుకొని నిలవడ్డ."

"నాకెరికే" అంది అవ్వ.

"ఎలుకంటే గదే కదా బావా" అంది మరదలు, ఈసారి మెత్తగా. ఆయన ఆమెను కొట్టినట్టు చెయ్యెత్తి, దించి, నా వైపు తిరిగాడు.

"సైజు ఉండనియ్యి పిల్లా. మీసం మాత్రం జర కనవడేటట్టు చెయ్యి."

మీసం నాలుగు రెట్లు చేశాను. మర్నాడు పొద్దున ఉస్తాద్ కుర్చీని తన తువ్వాలుతో దులిపి నా వైపు తోశాడు. "బైఠో లైబ్రరీ. మగర్ ఏక్ బాత్. అల్లుండ్ల సైజు మాత్రం నన్నడిగి పెట్టు." ఆ రోజు పాస్‌పోర్ట్ ఫోటోలు ఆయనే కత్తిరించాడు, వంకరగా.

తర్వాత చాలా ఏళ్లకు, వేరే ఊరి లైబ్రరీలో, అదే చిత్రకళ పుస్తకం వెనక సగంతో సహా దొరికింది. గబగబా ఆ పేజీ తిప్పాను. అయితే, పెద్దగా గీసేది ఎప్పుడూ ఆ బొమ్మను గీయించుకున్న ఆసామినే, అని ఉంది. అంటే లెక్క ప్రకారం పేజీ నిండా ఉండవలసింది బిస్కెట్ డబ్బా మోసుకొచ్చిన మా పెద్దల్లుడు! నేను పైకే నవ్వేశాను, లైబ్రేరియన్ కళ్లద్దాల మీదుగా చూశాడు. ఆ పేజీ చిరగకుండా ఉండి ఉంటే నేనేం చేసేదాన్నో తలచుకుంటే భయమేస్తుంది. అవ్వ మళ్లీ మోచెయ్యి అయ్యేది.

ఇప్పుడు 'హ' దాకా చదివేశాను, తెలిసింది చెప్పడానికి కూడా నాలుగుసార్లు ఆలోచిస్తాను. సగం పుస్తకం చదివి కాపలా ఆయనకు పాఠం చెప్పిన ఆ పిల్ల ధైర్యం మీద అప్పుడప్పుడూ అసూయ కూడా కలుగుతుంది. చవితి ముందు ధూల్‌పేట్ మీదుగా పోయినప్పుడు అందరూ తలెత్తి గణపతులను చూస్తారు. నేను మాత్రం బండాపి, కిందికి వంగి, ఎలుక ఎటు చూస్తోందో చూస్తాను.