సర్వర్ పనిచేయని రోజులు

ఉట్నూర్ బస్టాండు దగ్గర నాకొక నెట్ సెంటర్ ఉంది. కుల, ఆదాయ సర్టిఫికెట్ల కోసం ఊళ్ల నుంచి జీపుల్లో వచ్చేవాళ్లకు దరఖాస్తులు పెట్టడం నా పని. ఒక్కొక్కరి పని అయిపోగానే కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడు మీటలూ కలిపి నొక్కి హిస్టరీ మొత్తం తుడిచేస్తాను. ఒకరి ఆధార్ నంబరు ఇంకొకరి కంట పడకూడదని నా పట్టుదల. ఈ విషయంలో నాది చాదస్తమే. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి, చూడకుండానే వేళ్లు ఆ మీటల మీదికి పోతాయి.

నా భార్య పోయిన పదిహేనో రోజున ఆమె మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. సెంటర్లో నలుగురి ముందు ఆమె పేరు టైపు చేయడం నా వల్ల కాలేదు. ఇంట్లో ఆమె వాడుకునే కంప్యూటర్ ముందు కూర్చుని పెట్టాను. రసీదు వచ్చింది. వేళ్లు వాటి పని అవి చేసేశాయి. ఆమె ఇన్నాళ్లూ చూసిన పేజీల జాబితా అంతా పోయింది.

మాకు పిల్లలు లేరు. ఒకసారి ఆమె, "ఇంట్ల పొద్దు పోతలేదు. జర పగటిపూటన్న ఇంటికి రారాదు" అన్నది. "కంప్యూటర్ ఉన్నది గదా, ఏమన్న సూసుకో" అన్నాను. ఏం చూస్తోందో మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పొద్దున కట్టిచ్చిన సద్ది సెంటర్లోనే తినేవాణ్ణి. సర్వర్ పనిచేయని రోజు మాత్రం గవర్నమెంటును తిట్టుకుంటూ మధ్యాహ్నం ఇంటికి వచ్చేవాణ్ణి. అప్పటికే పెంక మీద జొన్నరొట్టె కాలుతుండేది. "నేనొస్తున్నట్టు ఎట్ల ఎర్కైంది?" అంటే, "నాకు ఎర్కైతది" అని నవ్వేది. బండి చప్పుడు విని ఉంటుందిలే అనుకునేవాణ్ణి.

ఆమె రోజులు ఎట్లా గడిచాయో ఇప్పుడు తెలుసుకోవాలనిపించింది. అడగడానికి మనిషి లేదు. ఆ జాబితా ఒక్కటే మిగిలి ఉండె, దాన్నీ నా చేత్తోనే తుడిచాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వెంటనే ప్లగ్గు పీకేశాను. తుడిచిన తర్వాత కంప్యూటర్ నడిపితే పాతదాని మీద కొత్తది ఎక్కుతుందని నాకు తెలుసు. హార్డ్‌డిస్కు విప్పి, తువ్వాలలో చుట్టి, కరీంనగర్ దాకా బస్సులో ఒడిలో పెట్టుకుని పోయాను.

పోయిన ఫైళ్లు తీసే ఆయన డిస్కు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం పోయినయ్ సార్, ఫొటోలా?"

"హిస్టరీ. నా భార్యది."

ఆయన గొంతు తగ్గించాడు. "అనుమానమా సార్? గిట్ల శానమంది వస్తరు."

"కాదు. ఆమె సచ్చిపోయింది."

ఆయన స్టూలు జరిపి కూర్చోమన్నాడు. సాయంత్రానికి డిస్కూ ఒక పెన్‌డ్రైవూ చేతిలో పెట్టి, "మొత్తం రాలే సార్. ఆఖరి మూడు నెలలదే దొరికింది" అన్నాడు.

మర్నాడు డిస్కు మళ్లీ బిగించాను, కానీ పెన్‌డ్రైవ్ తెరవడానికి భయమేసింది. ఎవరికైనా నా మీద చాడీలు రాసిందేమోనని కూడా అనుకున్నాను. అట్లాంటివేమీ లేవు. నాలుగు పాటలు, జాకెట్ కుట్టే వీడియోలు. అవి కాక రోజూ పదకొండు దాటాక ఒకటే అడ్రస్. నేను సెంటర్లో పొద్దున్నే తెరిచే సర్టిఫికెట్ల సైటే అది. ఆమెకు ఏం సర్టిఫికెట్ కావాలో నాకు అర్థం కాలేదు.

టైములు వరసగా చూసుకుంటూ పోయాను. చాలా రోజుల్లో పావుగంటకొకసారి, మధ్యాహ్నం రెండింటి దాకా, ఆ పేజీ మళ్లీ మళ్లీ తెరిచింది. కొన్ని రోజుల్లో ఒక్కసారే. ఆ రోజుల్లో పేజీ పేరు దగ్గర "సేవలు అందుబాటులో లేవు" అని ఉంది.

సర్వర్ ఎప్పుడు ఆగిపోతుందా అని రోజూ చూసేది. ఆగిపోయిందని తెలియగానే కంప్యూటర్ వదిలేసి పిండి కలిపేది. నేను తిట్టుకుంటూ వచ్చిన రోజుల కోసమే ఆమె ఎదురుచూసింది. సర్వర్ ఆగకపోయినా నేను ఇంటికి రాగలిగేవాణ్ణే. సెంటర్ నుంచి ఇల్లు పది నిమిషాలే. అది తలుచుకుని చాలాసేపు ఏడ్చాను.

నిన్న పదకొండున్నరకు సర్వర్ ఆగిపోయింది. బెంచీ మీద ఉన్నవాళ్లకు రేపు రమ్మని చెప్పి, షట్టర్ దించి ఇంటికి పోయాను. పెంక గోడకు ఆనించి ఉంది. ఆమె కుర్చీలో కూర్చుని ఆ సైట్ తెరిచాను. సేవలు అందుబాటులో లేవు అని వచ్చింది. లేవబోతుంటే వేళ్లు ఆ మూడు మీటల మీదికి పోయాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.