తెల్ల గీత పైకి

కింది వాటా మాస్టారు పోయారన్న కబురు నాకు పంజాగుట్ట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా తెలిసింది. నేను వెళ్తున్నది ఆయన ఉన్న ఆసుపత్రికే. చేతిలో ఆయన తెమ్మన్న కళ్లజోడు పెట్టె ఉంది. వాళ్లావిడ, నేను వదినగారూ అని పిలిచే ఆవిడ, ఫోన్లో రెండే మాటలు చెప్పారు. వచ్చేపోయేవాళ్లకు అడ్డం లేకుండా గోడ పక్కకు జరిగి కాసేపు నిలబడ్డాను. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల అంకె నా పుస్తకంలో లేదు.

ఆ అంకె ఏమిటో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

మా అమీర్‌పేట సందులో ఆయనను మాస్టారూ అని పిలిచింది నేనొక్కణ్ణే. మాది తణుకు వైపు. పెద్దవాళ్లను అలా పిలవడం మాకు అలవాటు. మొదటిసారి విన్నప్పుడు ఆయన నవ్వారు. "నేనేం మాస్టర్ను తమ్మీ, ప్లేట్లు మోసినోన్ని" అన్నారు. బేగంపేటలో ఒక పెద్ద హోటల్లో, భోజనాల హాలులో ఆయన ముప్పై ఏళ్లు పనిచేశారు. ఖాళీ గ్లాసులు ఎత్తే పనిలో చేరి, చివరికి విందులన్నీ చూసుకునే మనిషయ్యారు. రిటైరయ్యాక మా వీధి చివర శిక్షణ సంస్థలో ట్రే ఎలా పట్టుకోవాలో, గ్లాసు ఎలా తుడవాలో పిల్లలకు నేర్పేవారు. కాబట్టి మాస్టారు అన్న పిలుపు తప్పేమీ కాదు.

ఆయనకు ఒక్కటే వ్యసనం. తాగడం కాదు, దాచడం. వింటేజ్ పోర్ట్ సీసాలు కొని దాచేవారు. మన దుకాణాల్లో చవకగా దొరికే పోర్ట్ వైన్ లాంటిదే అనుకుని మా వీధివాళ్లు ఆయనను ఆటపట్టించేవారు. అది వేరు, ఇది వేరు. ఇది పోర్చుగల్ దేశపు తియ్యటి వైన్. పంట గొప్పగా వచ్చిన ఏడు మాత్రమే, ఆ ఒక్క ఏటి పంటతో చేస్తారు. రెండేళ్లకల్లా సీసాలో పోస్తారు. తర్వాత అది చీకట్లో పడుకుని ఇరవై ముప్పై ఏళ్లు ముదురుతుంది. లోపల మడ్డి దిగి, సీసా కింది వైపు గోడకు నల్లటి పెచ్చులా అంటుకుంటుంది. సీసాను కదిలించినా తిప్పినా ఆ పెచ్చు విరిగి వైన్‌లో కలిసిపోతుంది. అందుకని సీసా పైవైపున సున్నంతో ఒక తెల్ల గీత పెడతారు. ఎక్కడికి మార్చినా ఆ గీత పైకే ఉండాలి. ఇదంతా ఆయన చెప్పగా నేర్చుకున్నదే. నేను తాగను.

హోటల్లో చేరిన తొలి నెలల్లో ఒక విందులో, పెద్ద బేరర్‌కు జ్వరం వస్తే, అలాంటి సీసా వంచే పని ఈయన మీద పడిందట. మడ్డి రాకుండా చివరి చుక్క దాకా వంచారు. బల్ల దగ్గర కూర్చున్న ముసలి విదేశీయుడొకాయన లేచి, మిగిలిన రెండు వేళ్ల ఎత్తు వైన్ ఈయన చేతికే ఇచ్చాడట. "గా రుచి నోట్ల నుంచి పోలే తమ్మీ" అనేవారు. ఆ ఒక్క గుక్క కోసం అన్నేళ్లు సీసాలు దాచారంటే అతిశయోక్తి కాదు.

కొనడంలో ఆయన పద్ధతి ఆయనది. హోటల్లో పరిచయమైన విమాన సిబ్బంది, లండన్ వెళ్లొచ్చే డాక్టర్లు తెచ్చిపెట్టేవారు. మనిషిని ఒక్క సీసాకు మించి అడగరు. కొనేముందు దుకాణంలోనే సీసాను వెలుగుకు పెట్టి ఫోటో తీసి పంపమనేవారు. వైన్ మెడ దాకా ఉందా, భుజం కిందికి దిగిందా చూసేవారు. బిరడా పైకి ఉబ్బినా, మూత చుట్టూ జిగురు కారిన మరక ఉన్నా వద్దనేవారు. ఆ సీసా ఎప్పుడో ఎండలో ఉడికిందని దాని అర్థమట. ఇంట్లో ఆరు సీసాలకు మించి ఉంచలేదు. చలికాలంలో ఒకటి తెరిస్తేనే ఇంకొకటి కొనేవారు. తెరిచిన రోజు పాత సహోద్యోగులు నలుగురు వచ్చేవారు. షుగర్ ఉంది కాబట్టి ఈయన వాటా ఎప్పుడూ రెండు వేళ్ల ఎత్తే.

హైదరాబాద్ ఎండల్లో వాటిని కాపాడటం అసలు పని. మెట్ల కింద ఒక కొట్టు గది ఉంది. కిటికీ లేదు, పాతకాలపు రాతి గోడలు. అక్కడ చెక్క అర కట్టించి సీసాలు పడుకోబెట్టారు. వేసవిలో తడి గోనె పట్టాలు వేలాడదీసి, రెండు కుండల్లో నీళ్లు పెట్టేవారు. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్విన రోజుల్లో నేల అదురుతోందని, అర కాళ్ల కింద పాత స్కూటర్ ట్యూబులు మడిచి పెట్టారు. మా పై వాటాలో ఏసీలు బాగుచేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఫ్రిజ్ ఒకటి పెట్టుకోరాదా అని ఆయన అడిగితే, మాస్టారు ఒప్పుకోలేదు. ఫ్రిజ్ రోజంతా వణుకుతుంది, బిరడాను ఎండబెడుతుంది అన్నారు. భాయ్ ఆ కొట్టులోకి తొంగిచూసి, "మాస్టర్, నేనైతే తాగ, గానీ నాకు సుత గిట్ల పండుకోనీకి జాగ ఇయ్యున్రి" అన్నాడు.

నేను పంజాగుట్టలో ఒక మందుల ఏజెన్సీలో స్టోర్ చూస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. తర్వాతదంతా పనిలో నేర్చుకున్నదే. రోజూ ఒక పుస్తకంలో ఆ రోజు సంగతులు రాసుకోవడం చిన్నప్పటి అలవాటు. వాన పడిందా, కరెంటు ఎప్పుడు పోయింది, ఎవరొచ్చారు, అంతే. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని రాస్తుంటే మాస్టారు చూసి, ఆ పుస్తకంలో తన గది వేడి కూడా రాయగలవా అని అడిగారు. మా స్టోర్‌లో వాడే రకం థర్మామీటర్ ఒకటి తెచ్చి కొట్టులో వేలాడదీశాను. అప్పటినుంచి ఉదయం ఏడింటికి ఒకసారి, భోజనానికి ఇంటికొచ్చినప్పుడు మూడింటికి ఒకసారి, చూసి రాసేవాణ్ణి. పదకొండేళ్లు రాశాను.

మొదటి వేసవిలో అంకె ఇరవై ఎనిమిది దాటితే నేను కంగారుపడ్డాను. ఆయన పడలేదు. "చల్లగ లేకున్నా నడుస్తది తమ్మీ. అంకె ఎగిరిపడొద్దు, గంతే. మన ఊళ్లె వైన్ జర జల్ది పెద్దగైతది" అన్నారు. పొద్దుటి అంకెకూ మధ్యాహ్నపు అంకెకూ ఒక డిగ్రీకి మించి తేడా లేకపోతే ఆ రోజు ఆయనకు పండగ. నా పుస్తకం అడిగి తీసుకుని, వేలితో వరసలు దిగుతూ చూసుకునేవారు.

ఆ ఆరింటిలో ఒకటి అన్నిటికన్నా పాతది. ఆయన హోటల్లో చేరిన ఏటి పంట. దాన్ని సంపాదించడానికి ఆయనకు చాలా ఏళ్లు పట్టింది. చివరికి ఒక పాత విమాన ఉద్యోగి లండన్లో దొరకబట్టి, స్వెట్టర్లలో చుట్టి తెచ్చాడు. పోయిన చలికాలంలో దాన్ని తెరవాలని మాస్టారు నిర్ణయించుకున్నారు. ఆ సంగతి నాకూ తెలుసు, వదినగారికీ తెలుసు. డెబ్బై దాటిన మనిషి, గుండె బాగాలేని మనిషి, ఇంకెంతకాలం ఆగుతారు?

ఆ చలికాలానికి ముందు, దసరా రోజుల్లో ఆయనను పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కొట్టు తాళం చెవి నాకు ఇచ్చారు. ఇంటికి వచ్చేసరికి కొట్టు శుభ్రంగా ఉండాలని నాకు బుద్ధి పుట్టింది. ఆయుధపూజకు మా స్టోర్ సర్దినట్టే సర్దాను. మందుల స్టోర్‌లో సీసా నిలబడాలి, పేరు ముందుకు కనపడాలి, పాత తేదీ సరుకు ముందు వరసలో ఉండాలి. ఆరు సీసాలూ తీసి తడిగుడ్డతో తుడిచాను. సున్నం మరకలు పోయేదాకా రుద్దాను. అవి మరకలు కావని పదేళ్లుగా తెలిసిన వాణ్ణే. చేతులకు ఉన్న అలవాటు ముందు ఆ తెలివి పనిచేయలేదు. అన్నిటినీ నిలబెట్టి, అన్నిటికన్నా పాతదాన్ని ముందు పెట్టి, తలుపు వేసి వచ్చాను. బాగా చేశాననే అనుకున్నాను.

మాస్టారు ఇంటికి వచ్చిన రోజే కొట్టు తలుపు తీశారు. నేను వెనకాల ఉన్నాను. పాత సీసాను తాకకుండా వంగి, టార్చి వేసి చూశారు. లోపల పెచ్చు ముక్కలై, నల్లటి పొడి తేలుతోంది. అప్పుడు నాకు అర్థమైంది.

"పండుకున్నోళ్లను లేపినవ్ తమ్మీ" అన్నారు. గొంతులో కోపం లేదు. "ఏం గాదు. మల్ల పండబెడదాం. నిద్ర పట్టనీకి జర టైం పడ్తది."

ఆ సాయంత్రమే నాతో సున్నం కలిపించారు. ఒక్కో సీసాను ఆయన పడుకోబెడితే, నేను అగ్గిపుల్లతో పైవైపున గీత పెట్టాను. పాత సీసాను చివర పడుకోబెట్టి, దీన్ని ఈ చలికాలం తెరవొద్దు, వచ్చే చలికాలం చూద్దాం అన్నారు. క్షమించమని అడగాలని రోజూ మూడింటికి అనుకునేవాణ్ణి. అంకె చూసి, రాసి, పైకి వెళ్లిపోయేవాణ్ణి.

ఆ ఏడాదంతా ఆయన నాకు సీసా వంచడం నేర్పారు. ఖాళీ సీసాలో టీ పొడితో సహా డికాషన్ పోసి, రాత్రంతా నిలబెట్టి, మర్నాడు మెడ వెనక కొవ్వొత్తి పెట్టి వంచమనేవారు. పొడి మెడ దగ్గరికి వచ్చేలోపు ఆపాలి. మొదట్లో రోజూ పొడి వచ్చేది. వదినగారు చూసి, "ఇంట్ల టీ పొడి అంత మీ బడికే అయితుంది" అని విసుక్కునేవారు. మాస్టారు మాత్రం, చేతిని తొందరపెట్టకు, అదే ఆగుతుంది అనేవారు. నాకెందుకు నేర్పుతున్నారని నేను అడగలేదు. తన చేతులు వణుకుతున్నాయని ఆయన చెప్పలేదు.

ఈ ఏడు చలికాలం ఆయన చూడలేదు. భాద్రపదంలోనే వెళ్లిపోయారు.

చలి మొదలయ్యాక, పోయిన ఆదివారం వదినగారు నన్ను కిందికి పిలిచారు. రెండు రోజుల ముందే ఆవిడ చెప్పిన ప్రకారం విడిగా ఉన్న మడ్డి అడుగుకు దిగేలా పాత సీసాను నేనే నెమ్మదిగా నిలబెట్టి ఉంచాను. తెరిచేముందు నేను అడ్డుపడ్డాను. ఆయన లేకుండా ఎందుకండీ అన్నాను. తర్వాత, ఏడాదిగా గొంతులో ఉన్నది బయటికి వచ్చింది. నేను చెయ్యి పెట్టకపోతే పోయిన ఏడే తాగేవారు కదా అన్నాను.

వదినగారు గాజు జగ్గు తుడుస్తూనే జవాబు చెప్పారు. "పోయినేడు నేనే అన్న. బట్టల వడగట్టి తాగు, ఎవలొద్దన్నరు అని. ఆయనేమో, ఇప్పుడు మడ్డి వస్తే తమ్మి ముఖం ఎత్తడు, తేటగ వచ్చినప్పుడే తీద్దాం, వాని చేత్తోనే తీపిస్త అన్నడు. ఆయన ఇష్టంగనే ఆగిండు. నువ్వేం మనసుల పెట్టుకోకు."

నేను కొవ్వొత్తి వెలిగించాను. బిరడా రెండు ముక్కలైంది. మెల్లగా తీశాను. సీసాను వంచి, మెడ వెనక వెలుగు చూస్తూ పోశాను. ఎర్రటి ఇటుక రంగు ధార సన్నగా, తేటగా దిగింది. మూడు వంతులు దాటింది. ఇంకా తేటగానే ఉంది. మెడ దగ్గర నల్లటి నూలుపోగు లాంటిది కదిలింది. చెయ్యి దానంతట అదే ఆగింది. సీసాలో రెండు వేళ్ల ఎత్తు మిగిలింది.

వదినగారు ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టారు. నేనూ మొదటిసారి పెదవులకు తగిలించుకున్నాను. ఎండుద్రాక్ష, పాత బీరువా చెక్క గుర్తొచ్చాయి. దాని గురించి చెప్పడం నాకు చేతకాదు. చెప్పగలిగిన మనిషి లేడు.

గ్లాసులు కడిగాక సీసాను ట్యూబ్‌లైట్ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. లోపల గోడకు పెచ్చు మళ్లీ పట్టింది. నా అగ్గిపుల్ల గీతకు సరిగ్గా ఎదురు వైపు, పై నుంచి కింది దాకా, పల్చగా, ఒక్క ముక్కగా. నిలబెట్టి వంచినా పెద్దగా రాలలేదు. నిద్ర పట్టింది.

టీ నీళ్ల సీసా బిరడా దీనికి బిగించి, కొట్టులోకి తీసుకెళ్లి, దాని చోట్లోనే, తెల్ల గీత పైకి ఉండేలా పడుకోబెట్టాను. పక్కన మిగతా ఐదు ఉన్నాయి. మూడయింది. థర్మామీటర్ ఇరవై రెండు చూపిస్తోంది. పొద్దున కూడా ఇరవై రెండే.