పిట్టను ఒప్పించిన చెయ్యి

మా ప్రయోగశాలలో అందరూ ఆమెను బ్రష్షు పిన్ని అంటారు. ముప్ఫై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాసి, అచ్చు బోర్డులు వచ్చాక పని పోయి మా దగ్గర చేరింది. ఇక్కడ ప్లాస్టరు గుడ్లకు రంగులు వేస్తుంది. వాటిని మేం చిన్న పిట్టల గూళ్లలో పెడతాం. వేరే జాతి పక్షి దొంగచాటుగా పెట్టిపోయే గుడ్డును ఈ పిట్ట ఎలా కనిపెడుతుందో తెలుసుకోవడం మా పని.

పెట్టిన ప్రతి గుడ్డునూ పిట్టలు బయటికి తోసేశాయి. వరసగా పదకొండు.

"ఇంకొక్కటి చూద్దాం," అన్నారు మా సారు. "అదీ పోతే వచ్చే నెల నుంచి మిషను మీద అచ్చు వేయిద్దాం."

అచ్చు ఒకసారి ఆమె పొట్ట కొట్టింది. మళ్లీ అదే. నేను పిన్ని మొహం చూడలేకపోయాను.

ఆమె మాత్రం నా నమూనా కాగితం అడిగింది. ఇరవై గూళ్లలో గుడ్లు కొలిచి, మచ్చల సగటు తీసి నేనే గీసిచ్చిన కాగితం అది.

"ఇది ఎవరి గుడ్డు అమ్మాయ్?"

"ఎవరిదీ కాదు పిన్నీ, సగటు."

"అదే మరి. నేను రాసిన బోర్డుని వీధి చివర్నుంచే పోల్చుకుంటాను. పదిమంది చేతిరాతా కలిపి ఓ బోర్డు రాసి నీదేనంటే ఒప్పుకుంటానా? నీ పాపని పదిమంది పసివాళ్ల మధ్య పడుకోబెడితే నువ్వు పోల్చుకోవూ?"

ఆసుపత్రిలో మొదటి రెండు రోజులూ పాప మణికట్టు మీది చీటీని గంటకోసారి చదువుకున్న సంగతి నేను చెప్పలేదు.

మర్నాడు పిన్ని నాతో పొదల్లోకి వచ్చింది. పిట్ట మేతకు వెళ్లినప్పుడల్లా ఒకే గూట్లోకి తొంగిచూసింది. ఆ గుడ్ల మీది గీతలు మెలికలు తిరిగి, చివర సన్నబడుతున్నాయి. నా కొలతల పట్టికలో మెలికకు గడే లేదు. ఆమె నాలుగుసార్లు రంగు వేసి తుడిచేసి, అయిదోసారి గుడ్డు నా చేతిలో పెట్టింది.

దాన్ని ఆ గూట్లో పెట్టి, దూరం నుంచి బైనాక్యులర్లో చూశాం. పిట్ట వచ్చి ఆ గుడ్డును ముక్కుతో దొర్లించింది. తల వాల్చి చూసింది. పిన్ని వేళ్లకంటిన రంగు గీరుకుంటోంది. పిట్ట రెక్కలు సర్దుకుని, తన మూడు గుడ్లతో పాటు దాన్నీ కప్పుకుని కూర్చుంది. మర్నాటికీ గుడ్డు అక్కడే ఉంది.

సారు మళ్లీ మిషను మాట ఎత్తలేదు. "కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఈ పిట్టని నమ్మించడం మాటలు కాదు పిన్నిగారూ," అన్నారు.

"నన్ను కాదు, పిట్టల్ని మెచ్చుకోండి. పదకొండుసార్లు మనల్ని పట్టేశాయి. ఇంక ఆ గుడ్డు తీయించండి సారూ, ఆ పిట్ట ఊరికే పొదుగుతోంది పాపం."

నేను రెండో గూటి గుడ్ల కొలతలు రాసిన కాగితం తీశాను.

"కాగితం లోపల పెట్టు అమ్మాయ్," అంది. "గూడు చూపించు."