రెండు పథ్యాలు, ఒక రవిక

ఆ రోజుల్లో పథ్యమంటే జ్వరం వచ్చినవాళ్ళు చేసేది. చారన్నం, కాల్చిన అప్పడం. జ్వరం పోతే దాని వెంటే పథ్యమూ పోయేది. ఒళ్ళు బాగానే ఉన్నవాళ్ళు పథ్యం చేయడం, అందులోనూ ఒకే ఇంట్లో మొగుడిదొకటి, పెళ్ళానిదొకటి కావడం నేను మా అమీర్‌పేట ఇంట్లోనే చూశాను. ఇదంతా జరిగి కొన్నేళ్ళే అయినా, నాకు చిన్ననాటి ముచ్చటలాగే అనిపిస్తుంది. అప్పటికి నాకు అరవై దాటాయంతే. చిన్నతనం కాకపోతే, ఇద్దరి మాటా విని అంత పని చేస్తానా?

ముందు నా మోకాలి సంగతి చెప్పాలి. మా ఇంటాయన బతికున్నన్నాళ్ళూ సందు మొదట్లో టైలరు దుకాణం నడిపాడు. కాజాలు, హుక్కులు నా వంతు. నేల మీద మఠం వేసుకుని కుట్టీ కుట్టీ మోకాళ్ళు అరిగాయి. పంజాగుట్టలో ఒక డాక్టరమ్మకు చూపిస్తే, "మామ్మగారూ, బరువు తగ్గాలండి. ఇలాగే ఉంటే ఈ ఏడాది నెత్తిన కుండ పెట్టుకుని నడవడం కుదరదు" అంది. కుండ అని ఎంత తేలిగ్గా అందో! అది బోనం, అమ్మవారి నైవేద్యం నింపిన కుండ. మా అత్త నెత్తి మీంచి నా నెత్తికి వచ్చింది. పెళ్ళైన ఏటి నుంచి బల్కంపేట ఎల్లమ్మకు నేనే మోస్తున్నాను. బోనాలెత్తే ఆషాఢమేమో దగ్గర పడుతోంది.

ఈ మాట చెవిన పడగానే మా కొడుకు, కోడలు నాకు పథ్యం చెప్పడానికి పోటీకి దిగారు. కొడుకు అప్పటికే అన్నం, రొట్టె, ఆలుగడ్డ, అరటిపండు మానేసి గుడ్లు, మటన్, పనీరు, నెయ్యి తింటున్నాడు. కోడలు మాంసం, గుడ్డు, పాలు, పెరుగు అన్నీ విడిచిపెట్టి అన్నం, జొన్నరొట్టె, శనగలు, పల్లీలు, పండ్లు పట్టింది. ఇద్దరూ కాస్త సన్నబడ్డారు కూడా. అందుకే ఎవరి గొప్ప వారిది.

"అమ్మా, అన్నం ముట్టకు. అసలు బీమారంతా అన్నంలనే ఉన్నది" అన్నాడు కొడుకు.

"అత్తమ్మా, ఆయన మాట ఇనకుండ్రి. నెయ్యి, మాంసం తిని ఎవలన్న సన్నబడతరా?"

"బర్రె సుత ఆకులే తింటది. సన్నగున్నదా?"

"పులి మాంసం తింటది నిజమే. మీరేమన్న పులా? మెట్రో ఎక్కనీకె లిఫ్టు దేవులాడుతరు!"

నేను కసిరాను, ఇద్దరూ నోరు మూశారు. (ఇప్పటికీ మూస్తారు. అదొక్కటే నా ఆస్తి.) కానీ రాత్రంతా ఆలోచించాను. కొడుకు మాట కాదంటే వాడు చిన్నబుచ్చుకుంటాడు. కోడలి మాట కాదంటే, అత్త కొడుకునే వెనకేసుకొచ్చిందంటుంది. ఒక మందుకు లొంగని నొప్పి రెండు మందులకు లొంగదా? పైగా వీళ్ళిద్దరి వంటలూ గిన్నెల్లో మిగిలిపోతున్నాయి. పారబొయ్యడం నా ఒంట్లోనే లేదు. పొద్దున కొడుకు పథ్యం, మాపున కోడలి పథ్యం అని ఖాయం చేసుకున్నాను.

ఎంత నిష్ఠగా చేశానో ఆ ఎల్లమ్మకే తెలుసు. పొద్దున నాలుగు గుడ్ల అట్టు, నేతిలో వేగిన పనీరు, మటన్ ముక్కలు. మాపటికి జొన్నరొట్టెలు, శనగల కూర, పల్లీ బెల్లం ముద్ద, అరటిపండు. ఇద్దరూ వద్దన్నవి చాయ్‌లో చక్కెర, ఉస్మానియా బిస్కెట్టు, మిరపకాయ బజ్జీ. వాటి వంక కన్నెత్తి చూడలేదు. బజ్జీల బండి పక్క నుంచి నడుస్తుంటే నన్ను చూసి నాకే గర్వంగా ఉండేది.

ఆ గర్వమే రవిక దాకా తీసుకుపోయింది. బోనాలకు కొత్త రవిక కుట్టుకోవాలి. ఎలాగూ తగ్గేదాన్నే కదా, ఒంటికి తగ్గ కొలత పెట్టి గుడ్డ దండగ చేయడమెందుకని, తగ్గబోయే నడుముకు కొలత వేసి కత్తిరించాను. మిగిలిన ముక్కతో చేతిసంచి కూడా కుట్టేశాను. పండగ ముందు తొడుక్కుని చూస్తే, హుక్కుకు కాజా పక్క ఊరంత దూరంలో ఉంది.

"అత్తమ్మా, జర ఊపిరి లోపలికి గుంజుండ్రి" అంది కోడలు.

"గుంజిననే! ఇంక గుంజితే పానం పోతది."

అది నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి మరి. రవిక కోసం కాదు. బోనం చేయి జారిపోయినట్టే అనిపించింది.

మర్నాడు ముగ్గురం పంజాగుట్ట వెళ్ళాం. ఆటోలో దారంతా "నీ బెల్లం ముద్దలే", "మీ మటనే" అని ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. కాటా మీద నిలబెడితే ముల్లు తగ్గకపోగా పైకే పోయింది.

మావాళ్ళిద్దరి ఫిర్యాదులూ విని, "ఏం తిన్నారు మామ్మగారూ?" అంది డాక్టరమ్మ.

"తినుమన్నయే తిన్న బిడ్డా. వద్దన్నది ఒక్కటి ముట్టలే."

"మరి మీ అబ్బాయి వద్దన్న బెల్లం?"

"అది కోడలు తినుమన్నది."

"మీ కోడలు వద్దన్న నెయ్యి?"

"అది కొడుకు తినుమన్నడు."

డాక్టరమ్మ కాసేపు బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని మావాళ్ళిద్దరి వైపూ తిరిగింది. "మీరిద్దరూ చక్కెర, మైదా, బజ్జీలు మానేశారు, కూరగాయలు ఎక్కువ తిన్నారు, మొత్తం మీద తక్కువ తిన్నారు. అందుకే తగ్గారు. ఏ పద్ధతైనా సరే, ఏళ్ళ తరబడి చేయగలిగిందే మంచిదండి. ఈవిడ పాపం రెండూ కలిపి చేశారు."

అప్పుడు వెలిగింది నాకు. ఒక రవికకు ఇద్దరి కొలతలు తీసి, రెండూ కూడి కుట్టినట్టైంది నా పని. మా ఇంటాయన ఉంటే దుకాణం అరుగు మీద పడి నవ్వేవాడు.

ఇంటికి వచ్చి హుకుం జారీ చేశాను. ఇద్దరూ వద్దన్నవి గడప దాటి రావు. ఇద్దరూ సరేనన్న ఆకుకూర, బీరకాయ, సొరకాయ అందరికీ కంచం నిండా. తక్కినవి ఎవరివి వారికి, గరిటె నేను పడతాను. నా కంచంలో పిడికెడన్నం, కాస్త పప్పు. మిగిలింది నేను తినను, వండేదే తక్కువ వండండి.

ఉన్న కొద్ది రోజుల్లో తగ్గిందేమీ లేదు. సంచి విప్పి, ఆ గుడ్డతో చంకల కింద పట్టీలు వేశాం. ఒక పక్క నేను, ఒక పక్క కోడలు కుట్టాం. దాని కుట్టు వంకర. విప్పమనలేదు.

బోనం రోజు గుడి వీధి మొదటి దాకా మోశాను. అక్కడ మోకాలు మొరాయించింది. "అమ్మా, దించనా?" అన్నాడు కొడుకు. బోనం కింద పెట్టకూడదు. అంతలో కోడలు నా ముందుకొచ్చి తల వంచింది. ఇన్ని వాదాల్లో ఎన్నడూ వంచని తల. నా నెత్తి మీది బోనం దాని నెత్తికి నేనే మార్చాను. చేయి జారిపోతుందని అన్నాళ్ళు భయపడ్డానా, నా చేత్తోనే ఇచ్చాక మనసు తేలికైంది.

తిరిగొచ్చాక బోనంలోని బెల్లపన్నం, పెరుగన్నం పంచాను. కొడుకు అన్నం వైపు, కోడలు పెరుగు వైపు చూశారు.

"అమ్మోరి ముందట పథ్యమేంది? తినుండ్రి" అన్నాను. తిన్నారు. వాడైతే చేయి కూడా నాకాడు.

ఇప్పుడు ఆ రవిక నాకు వదులు. "పట్టీలు ఇప్పుదామా అత్తమ్మా?" అని ప్రతి ఆషాఢంలోనూ కోడలు అడుగుతుంది. దారం దండగ, ఉండనీ అంటాను. ఆ వంకర కుట్టు తడిమినప్పుడల్లా, కొడుకు చిన్నబుచ్చుకోకూడదని పొద్దున, కోడలు చిన్నబుచ్చుకోకూడదని మాపున కంచం ఖాళీ చేసిన ఆ అరవయ్యేళ్ళ పిచ్చిపిల్ల కళ్ళ ముందు మెదులుతుంది. నేను అందరినీ తిడతాను గానీ, దాన్ని మాత్రం తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, చక్కెర లేని చాయ్ పోసివ్వాలనిపిస్తుంది.