ఈగ వాలినా కదలని బొంగరం

మా బొంగరం సాధించిన మొదటి విజయం: ముక్కు మీద ఈగ వాలి, అటూ ఇటూ షికారు చేసి, తీరిగ్గా ఎగిరిపోయేదాకా ముక్కు కదపకపోవడం. వినడానికి తేలికే. ఎవరైనా ఒకసారి ప్రయత్నించి అప్పుడు మాట్లాడాలి.

బొంగరం నా మేనల్లుడు. ఆ పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు వాడికి కుదురన్నది లేదు. అన్నం తింటూ ఇల్లంతా తిరిగేవాడు, వెనకాలే కంచం పట్టుకుని మా అక్క తిరిగేది. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదువుకున్నవాణ్ణి. అయినా అప్పుడే తేల్చి చెప్పాను, "అక్కా, వీడు కూర్చునే ఉద్యోగానికి పనికిరాడు" అని. అటువంటివాడు కూర్చున్నందుకే జీతం తెచ్చుకున్నాడు. నా మాట తప్పయినందుకు నేను గర్వపడింది ఆ ఒక్కసారే.

వాడు పనిచేసేది ఫోన్ కెమెరాలకు సెన్సార్లు తయారుచేసే సంస్థలో. సెన్సారంటే కెమెరా లోపలి కన్ను, గోరంత బిళ్ళ. దాని మీద వెలుతురు పట్టుకునే గళ్ళు కోట్ల కొద్దీ ఉంటాయి. గడి చిన్నదయ్యే కొద్దీ అందులో పడే వెలుతురూ చిటికెడే. అందుకని గళ్ళ మీద కంటికి కనబడని బుల్లి అద్దాలు బోర్లిస్తారు, వెలుతురు దారి తప్పకుండా లోపలికి దిగడానికి. ఒక గడిలోది పక్క గడిలోకి ఒలకకుండా మధ్యన గోడలు కడతారు. ఒకే అద్దం కింద ఎడమ గడి, కుడి గడి పక్కపక్కనే ఉండి చెరో బొమ్మ చూస్తాయి. రెండు బొమ్మలూ కలిస్తే ఫొటో స్పష్టంగా వస్తుంది. కలవకపోతే కెమెరా తన లెన్సును ముందుకో వెనక్కో జరుపుకుంటుంది. పట్టపగలు ఇదంతా రెప్పపాటు పని. మసక వెలుతురులో మాత్రం గళ్ళకు చూపు ఆనదు, తడుముకుంటాయి.

ఆ తడుములాట చూడడానికి, మసక గదిలో స్టూలు మీద ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషే మా బొంగరం. మొదట్లో ఇంజనీరమ్మ చేత నానా చీవాట్లూ తిన్నాడు. ఈగ వాలిన రోజున మాత్రం కుదిరాడు. ఆపైన వాడికి అడ్డు లేకపోయింది. సగం దాకా వచ్చిన తుమ్మును వెనక్కి పంపించాడు. ఒకసారి ఆఫీసువాళ్ళు వాడున్న సంగతే మరిచిపోయి గదికి తాళం వేసుకుని భోజనాలకు వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అదే స్టూలు, అదే చూపు!

ఒకనాడు బట్టల కొట్లో భార్య కోసం నిలబడి ఉంటే, ఎవరో ఒకావిడ వాడి చొక్కా కాలరు నలిపి చూసింది.

"ఇదెంతండీ?"

కొట్టువాడు ధర కూడా చెప్పేశాడు.

"చొక్కా కావాలంటే తీసుకోండి. లోపల మనిషి మాత్రం మావాడు," అంది వాడి భార్య.

ఇంత పేరు తెచ్చుకున్నవాడి ఉద్యోగానికే ఎసరొచ్చింది. సెన్సార్లు ఫోన్లలోకెక్కి జనం చేతుల్లోకి వెళ్ళాక, ఇంజనీరమ్మ వాణ్ణి పిలిపించింది.

"రాత్రిపూట దీపం వెలుతుర్లో ఏ పిల్లాడి ఫొటో తీసినా ముఖం చెరిపేసినట్టు వస్తోందట. ఇక్కడ తీస్తే మాత్రం నీ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. తప్పెక్కడుందో ఇప్పటికి తెలిసింది."

"ఎక్కడుంది మేడమ్?"

"నీ దగ్గరే. మరీ అంత బాగా కూర్చుంటే ఎలా? సెన్సారు తీరిగ్గా తడుముకుంటున్నా మాకు తెలీలేదు."

"బాగా చెయ్యడం కూడా తప్పేనా మేడమ్?"

"సోమవారానికల్లా మామూలు మనిషిలా కదలడం నేర్చుకుని రా. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాం. మన గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు, క్షణం నిలబడడు."

వాడు తలకొట్టేసినట్టు ఇంటికొచ్చాడు. శిక్షణ నేనే మొదలుపెట్టాను.

"ఒరేయ్, భుజం గోక్కో."

"దురద లేదు మామయ్యా."

"లేకపోతేనేం, గోక్కోరా!"

చెయ్యెత్తి భుజం మీద పెట్టుకుని, అలాగే ఉండిపోయాడు. "ఇప్పుడేం చెయ్యాలి?"

"నీకు బొంగరమని పేరెవడు పెట్టాడ్రా?"

"నువ్వే కదా మామయ్యా."

శిక్షణ అక్కడితో ముగిసింది.

సోమవారం నేనూ, వాడి భార్యా తోడు వెళ్ళాం. వాడు స్టూలెక్కి తల ఎడమకు తిప్పి ఆపాడు. కుడికి తిప్పి ఆపాడు. పైకెత్తి ఆపాడు. దించి ఆపాడు. నాలుగు ఫొటోలూ అద్దంలా వచ్చాయి.

"దీన్ని కదలడమంటారా? నాలుగుసార్లు కూర్చున్నావంతే," అంది ఇంజనీరమ్మ. "ఇక చాలు, దిగు. ఆ వాచ్‌మన్ని పిలవండి."

వాడు దిగడానికి కూడా కదల్లేదు. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ వాడి భార్య, వేరే ఏదో ఆలోచిస్తున్నట్టుగా అడిగింది:

"ఏమండీ, వచ్చేటప్పుడు స్టవ్ కట్టేశారా?"

స్టూలు ఒకవైపు, వాడొకవైపు! ఒక చెయ్యి తాళంచెవి కోసం జేబులోకి, ఇంకో చెయ్యి నెత్తి మీదికి.

"నువ్వు కట్టలేదా?"

"నేనెందుకు కడతాను? ఆఖర్న టీ పెట్టుకుంది మీరేగా!"

"అయ్యో! నేను పాలు దించాను గానీ..."

ఈ గొడవంతా కెమెరా తీసింది. ఫొటోలో వాడి మెడ పైన ముఖం లేదు, పొగమంచు ఉంది. ఇంజనీర్లంతా చప్పట్లు కొట్టారు. ఫొటో చెడినందుకు చప్పట్లు కొట్టించుకున్నవాడు మా వంశంలో వీడే.

"దొరికాడు మామూలు మనిషి!" అంది ఇంజనీరమ్మ. వాచ్‌మన్ మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అసలు పని ఆ పొగమంచుతోనే మొదలైంది. అంతకుముందు అక్కడొకటి ఇక్కడొకటిగా కొన్ని గళ్ళే ఎడమా కుడీ పోల్చి చూసేవట. ఇప్పుడు ప్రతి గడికీ ఆ పని అప్పగించారు. గోడలు ఇంకా లోతుగా దింపారు, బుల్లి అద్దాల వంపు మార్చారు. మారుస్తున్న కొద్దీ మావాణ్ణి ఎగిరించాలి కదా, ఒకే ప్రశ్న మళ్ళీ అడిగితే ఎగరడు. అందుకని వాడి భార్యకూ అక్కడే ఉద్యోగమిచ్చారు. ఆ అమ్మాయి రోజుకో కొత్త ప్రశ్న తెచ్చేది. "వీధి తలుపు వేశారా?" "మన పెళ్ళిరోజు ఎప్పుడో చెప్పండి?" పొగమంచు పలచబడుతూ వచ్చింది. చివరికి ఒకరోజు, "మా అమ్మ ఆర్నెల్లుండడానికి వస్తోంది, చెప్పానా?" అంది.

ఆ ఫొటో మా ముందుగదిలో వేలాడుతోంది. మసక గది, గాల్లో మా బొంగరం, రెండు కాళ్ళూ నేలకు లేవు. నోరు తెరుచుకుని ఉంది. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మా ఇంటికి వచ్చినవాళ్ళెవరూ అది చూడకుండా వెళ్ళలేదు, నేను వెళ్ళనివ్వలేదు.

వాడి ఉద్యోగం ఖాయమైంది. కొత్త సెన్సార్లు తయారయ్యే ఫ్యాక్టరీ వేరే ఊళ్ళో ఉంది. అక్కడ ఎగిరి చూపించడానికి వాణ్ణీ, అడగడానికి ఆ అమ్మాయినీ పంపించారు. ఇంటి తాళంచెవి నాకిచ్చి వెళ్ళారు. రైలు కదలకముందే వాడి ఫోను.

"మామయ్యా, స్టవ్ ఒకసారి చూసి రావా?"

వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు: "నేనేం అడగలేదు బాబాయిగారూ, ఈసారి ఆయనకే గుర్తొచ్చింది!"

వెళ్ళి చూశాను. కట్టేసే ఉంది. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళి చూసొస్తున్నాను. వాళ్ళు తిరిగొచ్చేది ఆగస్టు పంతొమ్మిది, బుధవారం.