ఒకే గదిలోని ఉపమానాలు

మామగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక నేను బడి మానేశాను. అప్పటిదాకా మైలాపూరులో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటికి కింద మిరపకాయల అంగడి, పైన రెండు గదులు. అత్తగారూ మా ఆయనా పొద్దున కిందికి దిగితే మళ్ళీ భోజనానికే పైకి వచ్చేవాళ్ళు. కింద మూట విప్పినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి వచ్చేది. మామగారికి దగ్గు వస్తే ఊపిరాడదని కిటికీ మూసేసేదాన్ని. ఆ గదిలో పగలు కూడా ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది.

నన్ను ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. అంగడికి వాళ్ళిద్దరూ కావాలి, మంచం దగ్గర ఒక మనిషి కావాలి, మిగిలింది నేను. తప్పు ఎవరిదో చెప్పగలిగితే కోప్పడి అయినా తేలికపడేదాన్ని.

బడిలో నాతో పనిచేసిన ఒకావిడ, ఫోన్లో కొందరు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పరాదా అంటే ఒప్పుకున్నాను. తరతరాలుగా ఈ తమిళ ఊళ్ళోనే ఉంటున్న తెలుగువాళ్ళ పిల్లలు వాళ్ళు. తమలో తాము తమిళంలోనే మాట్లాడుకుంటారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. ఒక కథనో పద్యాన్నో విప్పి చూడడానికి కావలసిన మాటలు వాళ్ళకు నేర్పడం నా పని. నేపథ్యమంటే ఏమిటి, పాత్ర అంటే ఏమిటి, సంఘర్షణ ఎక్కడ పుడుతుంది, ఇలాంటివి. మంచం పక్కనే కుర్చీ వేసుకుని చెప్పేదాన్ని. నేను కనబడకపోతే మామగారు ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు.

ఒక సాయంత్రం ఉపమాలంకారం చెబుతున్నాను. "పరదా చీరకొంగులా కదిలింది. మనం పోలుస్తున్నది పరదాని, అది ఉపమేయం. పోల్చింది చీరకొంగుతో, అది ఉపమానం. రెండూ కదులుతాయి, అది సమానధర్మం. ఆ 'లా' ఉందే, అది ఉపమావాచకం." ఇంకో ఉదాహరణ అడిగారు. వాన సెలైన్ చుక్కల్లా పడుతోందన్నాను. మరొకటి అడిగారు. ఆ ఊరు మూసిన కిటికీలా ఉందన్నాను.

కోడంబాక్కం నుంచి ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ పాఠాలకు చేరేది. తనకు తోచింది అడగడమే తప్ప ఎవరినీ నొప్పించే పిల్ల కాదు.

"మిస్, ఒకటి అడగనా? మీ ఉదాహరణలన్నీ ఒకే రూములోనే ఉండాయే. పోయిన వారం మంచం, మాత్రలు చెప్పినారు. బయటవి ఏమీ లేవా మిస్?"

మిగతా పిల్లలు నవ్వారు. నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పి ఫోను పెట్టేశాను. మామగారి దుప్పటి సరిచేశాను. ఎవరికీ చెప్పుకోని సంగతిని ఆ పిల్ల వ్యాకరణంలోంచి చదివేసింది.

రాత్రి భోజనాల దగ్గర అత్తగారితో అన్నాను. "ఆదివారం మధ్యాహ్నం అంగడి ఉండదు కదత్తా. రెండు గంటలు బయటికి పోయొస్తాను."

"యాడికి?"

"ఊరికే. పిల్లలకు చెప్పేదానికి నాలుగు విషయాలు చూసి రావాల."

"దానికి బయటికి పోవాల్నా? పుస్తకంలో ఉండవా?" అని అన్నం కలుపుకుంటూ, "సరి, పోయిరా. ఆయన నా చేత్తో తింటే మంచిదే" అన్నారు.

ఆ ఆదివారం బీచ్ స్టేషన్‌కు వెళ్ళి మైలాపూరు రైలెక్కాను. కిటికీ పక్కన కూర్చుని, కనబడినదాన్నల్లా పోల్చి చూసుకుందామనుకున్నాను. ఒక ముసలాయన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చూడగానే మామగారి పిడికిలి గుర్తొచ్చింది. కూవం ఏటి వంతెన మీద మురికి వాసన కొట్టింది. పక్కగుడ్డలు మార్చానా లేదా అనిపించింది. ఊరంతా తిరిగినా నేను ఆ గదిని మోసుకుని తిరుగుతున్నాను. మైలాపూరులో దిగాను కానీ మా పాత బడి ఉన్న వీధి వైపు వెళ్ళలేకపోయాను. అంతలో మా ఆయన ఫోను.

"నాయన నోరు తెరవడం లేదు. అమ్మ ఏడస్తా ఉంది. ఎంతసేపవుతుంది నీకు?"

ఎదురు రైలెక్కి తిరిగి వచ్చేశాను. నేను ముద్ద పెట్టగానే మామగారు తిన్నారు. అత్తగారు గోడకానుకుని చూస్తూ ఉండిపోయారు.

తర్వాతి పాఠంలో నేను ఉదాహరణలు చెప్పలేదు. "ఈసారి మీరు తీసుకురండి" అన్నాను. "మీ ఇంటి బయట మీ కంటితో చూసిందే చెప్పాలి." కోడంబాక్కం అమ్మాయే మొదలుపెట్టింది.

"మిస్, రైలు వచ్చే ముందు ప్లాట్‌ఫారం మీద జనాలంతా, పాలు పొంగే ముందు లేస్తాయే, అట్ల లేస్తారు మిస్. సరేనా?"

మామగారి వైపు చూశాను. ఆయన నోరు ఒకవైపుకు జరిగింది. నవ్వో కాదో ఈనాటికీ చెప్పలేను. ఉపమేయమేది, ఉపమానమేది అని ఆ పిల్లనే అడిగాను. తడుముకోకుండా చెప్పింది. ఆ రోజు నుంచి నా తరగతికి ఈ గది బయటి ఊరంతా పిల్లల నోటి వెంటే వస్తోంది.

నేను మాత్రం ఆ గదిలోనే ఉన్నాను. బడి వాళ్ళు నా స్థానంలో వేరే ఆమెను తీసుకున్నారని తెలిసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు, తెల్లారి లేచి జావ కాచాను.

మొన్నో ఆదివారం అత్తగారు నన్ను అడిగారు. "ఆ పొద్దు రైల్లో పోతివే, సముద్రం కనపడిందా?"

"కనపడలేదత్తా. ఈసారి మీరు పోయి చూసి రండి, నేనుంటాను కదా."

ఆవిడ మంచి చీర కట్టుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగారు. కిటికీ తెరిచి చూస్తూ నిలబడ్డాను. వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశారు.

"ఎండ జాస్తిగా ఉండాదమ్మా" అన్నారు చెప్పులు విడుస్తూ.

బయట మబ్బు పట్టి ఉంది. ఆవిడ చీర మార్చుకుని వచ్చి మంచానికి అటువైపు కూర్చున్నారు.