రాజేశ్వరి పేరుకు రంగు పట్టలేదు

దయ్యాలు లేవు. ఊరికే అనడం లేదు. నలభై ఏండ్లుగా కోయంబత్తూరు ల్యాబుల్లో మనుషుల పేగులూ కాలేయాలూ మైనంలో పెట్టి పల్చగా కోస్తున్నవాణ్ణి. దయ్యమనేది ఉంటే ముందు నన్నే పట్టుకోవాలి గదా. ఒక్కటీ రాలేదు. అందుకే పోయిన ఏడు జరిగినదాన్ని తలుచుకుంటే నాకు భయం రాదు, చిరాకు వస్తుంది.

మా అక్క ఉండేది పెరియకుళంలో. ఆమెకు మెడ కింద గడ్డ లేచింది. ముక్క తీసి చూసి క్యాన్సరే అన్నారు. కానీ అది మెడలో పుట్టింది కాదంట, వేరే చోటి నుంచి వచ్చి కూర్చుందంట. ఎక్కడిదో తెలిస్తేగాని ఏ మందు ఎక్కించాలో తేల్చలేరు. పేగుదని అనుమానం. ఆ ముక్క నా ల్యాబుకే వచ్చింది, నా చేతికే.

పని ఇదీ. పేగు లోపలి పొర కణాలకు ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తునే వెతికి పట్టుకునే యాంటీబాడీ చుక్క వేసి, తర్వాత రంగు ఎక్కిస్తాం. పేగు కణమైతే దాని నడిమి గింజ గోధుమరంగుకు తిరుగుతుంది. కాకపోతే నీలంగా నిలిచిపోతుంది. కణం ఎంత దూరం వలసపోయినా మామూలుగా ఆ గుర్తు వదలదు, మేము ఈ తమిళసీమకు వచ్చి ఎన్ని తరాలైనా ఇంట్లో తెలుగు వదలనట్టు. చుక్క సరిగా పనిచేసిందో లేదో తెలియడానికి ప్రతి గాజుపలక మీదా పక్కన ఒక అపెండిక్స్ ముక్క అంటిస్తాం. అదీ పేగే గనక దానికి గోధుమరంగు రావాల్సిందే. రాలేదంటే ఆ పలక చెల్లదు.

అక్క పలక మీద ఆ అపెండిక్స్‌కు రంగు రాలేదు. ఏడుసార్లు చేసినాను, ఏడుసార్లూ రాలేదు. గదంతా మల్లెపూల వాసన.

సరే. ఏడు కాదు, రెండు. మల్లెపూలూ నేను కలిపినవే. అక్కడ వచ్చేది మైనం కరిగించే జైలీన్ వాసన, దానివల్ల తలనొప్పి. ఇంట్లో చెప్పి చెప్పి అలవాటైపోయింది. ఇకమీద ఉన్నదే చెబుతాను.

రెండుసార్లూ పట్టపగలే. రెండుసార్లూ అదే ట్రేలో ఇంకో అయిదుగురి పలకలు ఉన్నాయి. అదే సీసా, అదే అపెండిక్స్, చుక్క పట్టడానికి ముందు అన్నీ ఒకే ప్రెషర్ కుక్కర్లో ఉడికినవి. ఆ అయిదింటి మీదా అపెండిక్స్‌కు చక్కగా రంగు వచ్చింది. అక్కదాని మీద మాత్రం రెండు ముక్కలూ నీలం. మా ల్యాబు డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, "ఏందయ్యా ఇది? చుక్క వెయ్యడం మరిచినారా?" అనింది. రెండోసారి పలకను నా ముందుకు తోసేసింది. అది ఇంకా మంట.

ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి నుంచి అక్క ఫోను. పొద్దుటి నుంచి కూర్చున్నా ఎవరూ పిలవలేదంట. పోయి అడిగితే, నాలుగుసార్లు పిలిచినాం అన్నారంట.

"ఎవర్రా ఆ రాజేశ్వరి? నీ పెండ్లాం చుట్టమా?"

"నువ్వే అక్కా. నేనే అట్లా రాసినాను."

"నా పేరుకేం రోగంరా? రోగం నాకు గదా!"

అక్క పేరు కుప్పమ్మ. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురు బిడ్డలు నిలవలేదు. ఈమె పుట్టగానే మా అవ్వ చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె చేత ఏరించి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుందంట. చావు వచ్చి చూసినా, ఇది చెత్త, మనకెందుకులే అని పోతుందని. మా వాళ్లలో అట్లాంటి కుప్పమ్మలు ఎందరో. పెద్ద ఆస్పత్రిలో ఆ పేరు చెప్పడానికి నాకు సిగ్గయింది. ఫారం నింపేటప్పుడు రాజేశ్వరి అని రాసేసినాను. ల్యాబులో ఆ రెండు పలకల మీదా అదే పేరు.

కోపం తీరక మర్నాడు మూడో పలక తీసినాను. నంబరు అదే. పేరు మాత్రం పెన్సిలుతో కుప్పమ్మ అని రాసినాను. తక్కినదంతా మామూలే. సాయంత్రం మైక్రోస్కోపు కింద పెడితే అపెండిక్స్ గోధుమరంగు. దాని పక్కన అక్క ముక్క, గింజగింజా గోధుమరంగు.

పేగుదే. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆస్పత్రికి పోయి పేరు దిద్దించినాను, చీవాట్లు తిన్నాను. ఆ వారమే పేగు క్యాన్సరు మందు మొదలుపెట్టినారు.

"మీ చెయ్యి వణుకుతుందయ్యా, చుక్క పక్కన పడి ఉంటుంది," అంటుంది డాక్టరమ్మ. వణుకుతుంది, నిజమే. ఇంతవరకూ మీకు చెప్పకుండా దాచినాను. కానీ వణికే చెయ్యి ఆరు పలకల్లో రెండుసార్లూ అక్కదాన్నే ఏరుకుంటుందా?

తేల్చుకోవడం సులభమే. అక్క మైనపు బ్లాకులో ముక్క ఇంకా మిగిలి ఉంది. ఒక పలక మీద రాజేశ్వరి అని రాసి మళ్లీ చేసి చూస్తే అయిపోతుంది. అక్కకు ఇప్పుడు ఆరో విడత మందు నడుస్తూంది. గడ్డ సగానికి తగ్గింది. రాగిసంకటి తింటూంది, ఫోనులో నన్ను తిడుతూంది.

పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను, మూడుసార్లు. కాదు, రెండుసార్లే. ఒకసారి మొదటి అక్షరం కూడా రాసినాను. వేలితో తుడిచి, పలకను డబ్బాలో పెట్టేసినాను.